అరగదీస్తేనే లాభం: వ్యాగన్ ఆర్, టియాగో ఈవీ ఒకే ఇంట్లో నడిపిన లెక్క

మా ఇంట్లో రెండు చిన్న కార్లు ఉన్నాయి. ఒకటి 2021లో కొన్న మారుతి వ్యాగన్ ఆర్, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిను, మాన్యువల్ గేర్లు. రెండోది 2023 మొదట్లో తీసుకున్న టాటా టియాగో ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు, 24 కిలోవాట్ అవర్ (24 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీది. వనస్థలిపురం నుంచి మాదాపూర్ ఆఫీసుకు రానూపోనూ అరవై కిలోమీటర్ల దరిదాపు. ఈవీ రాకముందు ఆ దారంతా వ్యాగన్ ఆర్‌లోనే తిరిగాను, ఇప్పటికీ అప్పుడప్పుడు దాన్నే తీసుకెళ్తాను. అదే దారి, అదే ట్రాఫిక్, నడిపేది అదే మనిషి. అందుకే ఈ పోలిక మీద నాకు నమ్మకం ఉంది.

"ఎలక్ట్రిక్ తీసుకుంటే ఎంత మిగులుతది అన్నా?" అని అడిగేవాళ్లకు చాలామంది "కిలోమీటరుకు రూపాయే" అని చెప్పి వదిలేస్తారు. అప్పు చేసి కారు కొనే కుటుంబానికి ఆ ఒక్క ముక్క సరిపోదు. ఆ రూపాయి ఏ మీటరు మీద వచ్చింది, నెలకు ఎంత తిరిగితే వచ్చింది, బండి ఎన్నేళ్లు ఉంచుకుంటే వచ్చింది అన్నవి కూడా చెప్పాలి.

ముందు కరెంటు సంగతి. కంపెనీ ఈ బ్యాటరీకి పరీక్షల లెక్కన 315 కిలోమీటర్ల రేంజి, అంటే ఒకసారి నిండా ఛార్జ్ చేస్తే పోయే దూరం, ప్రకటించింది. సిటీలో ఏసీ వేసుకుని నడిపితే నాకు రెండు వందలు, చలికాలంలో ఇంకొంచెం పైన వస్తుంది. నేను రేంజిని లెక్కలోకి తీసుకోను, గోడ ప్లగ్గు దగ్గర ఎన్ని యూనిట్లు లాగిందో చూస్తాను. బ్యాటరీలోకి వెళ్లేలోపు ఛార్జర్ దగ్గర వేడిగా కొంత పోతుంది. ఆ నష్టం కలుపుకుంటే యూనిట్‌కు ఏడు, ఏడున్నర కిలోమీటర్లు. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగితే 160 యూనిట్ల పైచిలుకు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. తమ బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి "మాకు యూనిట్ ఆరు రూపాయలే పడుతోంది" అంటారు. కానీ కారు యూనిట్లు ఇంటి వాడకం మీద పైన వచ్చి పడతాయి, అంటే పై స్లాబులో పడతాయి. తెలంగాణలో నెల వాడకం 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, ఆపైన 800 దాకా 9.50. మా ఇంట్లో ఏసీ నడిచే నెలల్లో కారు లేకుండానే 350 వస్తుంది. అంటే కారు తాగే కరెంటు దాదాపు అంతా 9, 9.50 రేటుదే. నెలకు 180 యూనిట్లతో ఆగే చిన్న ఇంటికి కూడా తేడా ఏమీ లేదు. ఆ ఇంటి బిల్లు యూనిట్ల వరకే చూస్తే 724 రూపాయలు. కారు వల్ల 340కి వెళితే 2,150 అవుతుంది. 200 దాటగానే కింది స్లాబుల చౌక రేట్లు కూడా పోతాయి కాబట్టి, పెరిగిన 160 యూనిట్లు తొమ్మిది రూపాయల లెక్కన పడినట్టే.

అలా చూసినా నా ఖర్చు కిలోమీటరుకు రూపాయి పావలా, రూపాయి ముప్పై పైసల మధ్యే ఉంటుంది. తర్వాత మేడ మీద సోలార్ పెట్టించుకున్నాం. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది. దాంతో నా ఖర్చు ఇంకా తగ్గింది గానీ దాన్ని ఈ లెక్కలో కలపను. సోలార్ పెట్టుబడి వేరు, కారు పెట్టుబడి వేరు. రెండింటినీ కలిపి "నాకు ఉచితం" అని చెప్పేవాళ్ల మాట విని కారు కొనకండి.

పెట్రోలు వైపు లెక్క సులువు. 2024 మార్చిలో లీటరుకు 2 రూపాయలు తగ్గాక హైదరాబాద్‌లో ధర 107 రూపాయల పైన నిలిచింది. నా వ్యాగన్ ఆర్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ ఇరవైన్నర. హైవే మీద నెమ్మదిగా పోతే నాకు 20 వచ్చింది. మలక్‌పేట, ఖైరతాబాద్, పంజాగుట్ట మీదుగా ఉదయం తొమ్మిదింటికి పోతే 14 వస్తే గొప్ప. అంటే ఆఫీసు దారిలో కిలోమీటరుకు ఏడున్నర రూపాయల పైన. ఈ ట్రాఫిక్‌లోనే ఈవీ తన విలువ చూపిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీకి తప్ప దాదాపు దేనికీ కరెంటు ఖర్చు కాదు, బ్రేకు వేస్తే కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. పెట్రోలు బండికి అదే దారి ఇంధనానికీ నష్టం, క్లచ్ ప్లేటుకూ నష్టం.

కిలోమీటరుకు ఆరు రూపాయల పైన తేడా, నెలకు 1,200 కిలోమీటర్లు. నెలకు ఏడున్నర వేలు, ఏడాదికి తొంభై వేల దాకా మిగులు. ఇక్కడ ఆగిపోతే మూడున్నరేళ్లు కూడా పట్టకముందే ఈవీ తన అదనపు ధర రాబట్టేసుకుందని సంబరపడొచ్చు. నా అసలు మాట ఇక్కడి నుంచే మొదలవుతుంది.

2023 ధరల్లో కొత్త వ్యాగన్ ఆర్ మంచి వేరియంట్ ఆన్ రోడ్ ఏడున్నర లక్షలైతే, ఈ ఈవీ పదిన్నర దగ్గరికి వచ్చింది. మూడు లక్షల తేడా. అప్పు తీసుకున్నవాళ్లకు ఆ మూడు లక్షల మీద వడ్డీ మొదటి మూడేళ్లలోనే అరవై వేల దాకా అవుతుంది. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం ఈవీకే తక్కువ: 30 నుంచి 65 కిలోవాట్ల మోటారుకు 2,904 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ పెట్రోలు కారుకు 3,416. కానీ బండి విలువ ఎక్కువ కాబట్టి మన బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎక్కువ పడుతుంది. జీరో డెప్ (క్లెయిములో పార్టుల తరుగుదల కోయకుండా ఇచ్చే కవర్), బ్యాటరీ కవర్ కూడా కలిపితే ఏటా మూడు నాలుగు వేలు ఈవీకే ఎక్కువ. వానాకాలంలో మన హైదరాబాద్ రోడ్లు చూసిన తర్వాత ఆ బ్యాటరీ కవర్ వద్దనుకునే ధైర్యం నాకు లేదు, మీకూ ఉండకూడదు.

మూడేళ్లు నిండేసరికి రెండు రకాల బండ్లకూ సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ధర ఎంత పలుకుతుందో విచారించాను. ఆ వయసు వ్యాగన్ ఆర్‌కు ఐదు లక్షల చుట్టూ చెప్పారు, బేరం కూడా పెద్దగా ఆడలేదు. ఈవీకి ఆరు చెప్పడానికే వెనకాడారు. ఒకరైతే బ్యాటరీ ఏ స్థితిలో ఉందో చూడకుండానే ధర కోసేశారు. అంటే మూడేళ్లలో పెట్రోలు కారు రెండున్నర లక్షలు పోగొట్టుకుంటే, ఈవీ నాలుగున్నర పోగొట్టుకుంది. ఆ రెండు లక్షల తేడా, అరవై వేల వడ్డీ, పది పన్నెండు వేల ఇన్సూరెన్సు తీసేస్తే, మూడేళ్లలో ఇంధనం మీద మిగిలిన రెండు లక్షల డెబ్బై వేలలో దాదాపు ఏమీ మిగలదు. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగిన నాకే ఇలా ఉంది. ఆరు వందలే తిరిగి, మూడేళ్లకు అమ్మేసేవాళ్లకు లక్ష పైన నష్టం ఖాయం.

అదే బండిని ఎనిమిదేళ్లు ఉంచుకుంటే లెక్క మారిపోతుంది. ఇంధనం మీద ఏడు లక్షల పైన మిగులు. మూడు లక్షల అదనపు ధర, దాని పూర్తి వడ్డీ, ఇన్సూరెన్సు తేడా తీసేయండి. ఎనిమిదేళ్ల వ్యాగన్ ఆర్‌కు రెండున్నర లక్షలు వచ్చి, ఈవీకి ఒక్క రూపాయి కూడా రాలేదనుకోండి. అప్పటికీ ఈవీ వైపే యాభై వేల పైన మిగులుతుంది. అందుకే అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నా: ఇది మార్చుకునే బండి కాదు, అరగదీసే బండి. నాలుగేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లు పెట్రోలే తీసుకోండి.

బ్యాటరీ భయం గురించి కూడా ఈ లెక్కలోనే చూడాలి. వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నా తిరుగుడుకు ఎనిమిదేళ్లలో లక్షా పదిహేను వేలు అవుతాయి, అంటే ఏళ్లే ముందు నిండుతాయి. ఉన్న వారంటీని పూర్తిగా వాడుకోవాలంటే ఇంకా ఎక్కువ తిరగాలి. ఫాస్ట్ ఛార్జింగ్ అరుదుగానే వాడుతూ, రాత్రిపూట ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గుకే పెడతాను. పొద్దున్నకు నిండుతుంది, అంతకంటే ఖరీదైన వాల్ ఛార్జర్ నాకు అవసరం పడలేదు. కాకపోతే ఆ ప్లగ్గుకు మీటరు దగ్గర నుంచి వేరే వైరు, మంచి ఎర్తింగు వేయించాను. రాత్రంతా ఆగకుండా లోడు పడే ప్లగ్గు అది, ఆ ఖర్చు దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

సర్వీసింగు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు లేవు కాబట్టి ఏటా మూడు వేలు మిగులుతాయి. టైర్ల దగ్గర కొంత తిరిగి పోతుంది. ఈవీ దాదాపు మూడు వందల కిలోలు బరువెక్కువ, పైగా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, మొత్తం వస్తుంది. ముందు టైర్లు పెట్రోలు బండి కంటే త్వరగా అరిగాయి.

మా ఊరు ఖమ్మం దగ్గర. అక్కడికి ఇప్పటికీ వ్యాగన్ ఆర్‌లోనే పోతాం. ఈవీలో పోలేమని కాదు, సూర్యాపేట దగ్గర ఛార్జింగ్ పెట్టుకుని పోయి వచ్చాం కూడా. కానీ హైవే వేగంలో యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు కూడా రావు. జీఎస్టీతో కలిపి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కు ఇరవై రూపాయల పైనే పడుతుంది. కిలోమీటరుకు మూడు రూపాయలు దాటుతుంది. పెట్రోలుకు అదే దారిలో ఐదున్నర లోపే. రెండు రూపాయల తేడా కోసం అమ్మానాన్నలను ఎండలో గంటసేపు కూర్చోబెట్టలేను. ఒకసారి దారిలో ఉన్న ఛార్జర్ పనిచేయక ఇంకో దాన్ని వెతుక్కుంటూ పోయాం. పిల్లలతో అలాంటి ప్రయాణం మళ్లీ వద్దనుకున్నాం. ఇంట్లో ఒక్క కారే ఉండి, నెలకోసారి ఊరు పోవాల్సినవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి. అద్దె ఫ్లాటులో ఉంటూ సొంత మీటరు నుంచి పార్కింగ్‌కు వైరు తెచ్చుకోలేనివాళ్ల సంగతీ అంతే. వాళ్లకు రోజూ ఈ హైవే రేటే పడుతుంది, సెలవు రోజు కాస్తా ఛార్జర్ దగ్గరే గడిచిపోతుంది.

ఇవాళ కొత్తగా కొనేవాళ్లకు కొన్ని అంకెలు మారాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి ఉన్న 29 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఈవీకి ముందు నుంచీ 5 శాతమే కాబట్టి ఆ తగ్గింపు దానికి లేదు. తేడా పెరిగిందన్నమాట. ఇంకోవైపు తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఈవీలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబర్ 31 వరకు. ఐదు నుంచి పది లక్షల లోపు పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం కాబట్టి, ఈ మాఫీ ఉన్నంతకాలం ఒకటికి ఒకటి సరిపోతుంది. నేను కొన్నప్పుడు ఈవీ లోను వడ్డీ మీద సెక్షన్ 80ఈఈబీ కింద లక్షన్నర దాకా ఆదాయపన్ను మినహాయింపు ఉండేది. 2023 మార్చి 31 తర్వాత మంజూరైన లోన్లకు అది లేదు, అందుకే నా లెక్కలో కూడా దాన్ని వదిలేశాను.

మా బావమరిది ఈ అంకెలన్నీ విని మూడేళ్ల పాత ఈవీ కోసం వెతుకుతున్నాడు. ఉప్పల్‌లో సొంత ఇల్లు, నెలకు వెయ్యి కిలోమీటర్ల తిరుగుడు. ధర పడిపోయే ఆ మొదటి మూడేళ్ల దెబ్బ ఇంకొకరు తినేశాక, ఆరు లక్షల లోపు వచ్చే బండి అతనికి మొదటి నెల నుంచే కలిసొస్తుంది. బ్యాటరీ వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోమన్నాను. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు తీయించమన్నాను. వంద శాతం ఛార్జ్ చేసి, ఒకరోజు సిటీలో తిప్పి, యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో తనే చూసుకోమన్నాను. బండితో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్ కేబుల్ ఇస్తున్నారో లేదో బయానా కట్టకముందే అడగమన్నాను, విడిగా కొంటే అది వేలల్లో ఉంటుంది. వచ్చే ఆదివారం నాచారంలో ఒక బండి చూడటానికి నేనూ అతనితో వెళ్తున్నాను.