ఉతికి వాడే గుడ్డ ప్యాడ్లు: హైస్కూలు అమ్మాయికి కొనేముందు దండెం చూసుకోండి

నెలసరిలో వాడే ఈ ప్యాడ్లు పాతచీర మడతల్లాంటివి కావు. ఒంటికి తగిలేవైపు మెత్తటి కాటన్, మధ్యలో తడి పీల్చే నాలుగైదు పొరలు, అడుగున తడి దిగనివ్వని పీయూఎల్ బట్ట, రెండు రెక్కలకు టిచ్ బటన్. నెలకు పన్నెండు చొప్పున మామూలు ప్యాడ్లు వాడితే ఏడో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యేసరికి 864 అవుతాయి. వాటి అడుగు పొర ప్లాస్టిక్, లోపలిది జెల్. మట్టిలో కలవవు, కాలిస్తే విషపు పొగ. ఆ లెక్క చూశాక గుడ్డవాటికి మా ఓటు ఖాయం. అయితే అన్నీ ఒకలా ఉండవు.

ప్యాకెట్ మీద ఐఎస్ 17514 అన్న అంకె ఉందేమో చూడండి. ఉతికి వాడే ప్యాడ్లకు 2021లో వచ్చిన భారతీయ ప్రమాణం అది. తర్వాత ప్యాడ్‌ను తిరగేసి కుట్టు చూడండి. నడిమధ్య కుట్టు పీయూఎల్‌ను కూడా గుచ్చుకుని వెళ్ళిందంటే ఆ సూది రంధ్రాల్లోంచే మరక దిగుతుంది. కుట్టు అంచులకే ఉన్నది తీసుకోండి. కొత్తదాని మీద నీళ్ళు పోస్తే చుక్కలు చుక్కలుగా జారిపోతాయి. అది లోపం కాదు, నూలులో సహజంగా ఉండే జిడ్డు. రెండు మూడుసార్లు ఉతికి ఆరేస్తే పీల్చడం మొదలెడుతుంది. ఇది తెలియక మొదటి నెలే స్కూల్లో వాడి, మరకై, ఇక వద్దనేసే పిల్లలు ఎక్కువ.

లోదుస్తు వదులుగా ఉంటే ప్యాడ్ వెనక్కి జరుగుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. మార్చినదాన్ని మడిచి, టిచ్ బటన్ పెట్టి, జిప్పు సంచిలో వేసుకుని ఇంటికి తేవచ్చు.

ఉతకడం చన్నీళ్ళలోనే. వేడినీళ్ళు పోస్తే నెత్తురులోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక పట్టేస్తుంది. అరగంట నానబెట్టి, మామూలు సబ్బుతో రుద్ది, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడిస్తే చాలు. బట్టలు మెత్తబడేందుకు వేసే కంఫర్ట్ లాంటివి వాడితే నూలు మీద పూతలా పేరుకుని పీల్చడం తగ్గుతుంది. బ్లీచింగ్, ఇస్త్రీ పీయూఎల్‌ను పాడుచేస్తాయి.

అసలు చిక్కు ఆరేసే దగ్గరే. నాన్న, అన్నయ్య చూస్తారని మంచం కింద, బాత్రూం తలుపు వెనక, లంగా చాటున ఆరేస్తారు. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపలి పొరలు చెమ్మగానే ఉండిపోతాయి. ముక్కిన వాసన, దురద, ఒరుపు అక్కడ మొదలవుతాయి. ఆ నింద మాత్రం ప్యాడ్ మీద పడుతుంది. పువ్వుల డిజైన్ ప్యాడ్ దండెం మీద జేబురుమాళ్ళ పక్కన ఉంటే ఎవరికీ ఏమీ అనిపించదు. మొదటిసారి అమ్మే తన చేత్తో ఎండలో ఆరేస్తే పిల్లకి బెరుకు పోతుంది. బొత్తిగా కుదరకపోతే పైన పలచటి చున్నీ కప్పండి, గాలి ఆడాలి అంతే. ప్యాడ్‌ను చేత్తో గట్టిగా నొక్కి చూడండి, మధ్యలో చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు.

ఆరు ఉండాలి: రెండు వాడుకలో, రెండు నానుతూ, రెండు దండెం మీద. వానాకాలానికి ఇంకో రెండు. దురద, చెడువాసన తగ్గకపోయినా, గంటకో ప్యాడ్ తడిసిపోతూ ఉన్నా అది ప్యాడ్ మార్చి చూసే సంగతి కాదు, డాక్టరుకు చూపించాలి.

నీళ్ళకు కటకటగా ఉండి, ఎండ తగిలే దండెం లేని హాస్టల్లో ఉండే అమ్మాయికైతే ఇప్పుడే కొనకండి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు రెండు ప్యాడ్లతో మొదలుపెట్టించండి.