ఉన్నది ఒక్క కెమెరా, అడిగేవి రెండు యాప్‌లు: ఓబీఎస్ వర్చువల్ కెమెరా చాలాకాలం వాడాక

బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ శని, ఆదివారాల్లో తెలుగులో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష) క్లాసులు చెబుతుంటాను. ఫీజు కట్టినవాళ్లు జూమ్‌లో కూర్చుంటారు, మిగతావాళ్లు యూట్యూబ్ లైవ్‌లో చూస్తారు. విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలించిన వెబ్‌క్యామ్ మాత్రం ఒక్కటే. దాన్ని ఇటు ఓబీఎస్ స్టూడియో (స్క్రీన్, కెమెరా కలిపి యూట్యూబ్‌కి లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) అడుగుతుంది, అటు జూమ్ అడుగుతుంది. ముందు తెరిచినదానికి మన ముఖం, రెండోదానికి నల్ల స్క్రీన్ లేదా కెమెరాను వేరే యాప్ వాడుతోందన్న ఎర్రర్. క్లాసుకి రెండు నిమిషాల ముందు ఇది వస్తే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

నా మాట ముందే చెప్పేస్తాను. అసలు కెమెరా ఓబీఎస్‌కి మాత్రమే ఇవ్వండి. జూమ్, మీట్, టీమ్స్, ఏదైనా సరే, కెమెరాల జాబితాలో 'ఓబీఎస్ వర్చువల్ కెమెరా' ఎంచుకోండి. అంటే ఓబీఎస్‌లో కనిపించే బొమ్మనే మిగతా యాప్‌లకు ఒక కెమెరాలా అందించే ఉత్తుత్తి కెమెరా. గొడవ అక్కడితో సరి. నేను ఇప్పటిదాకా వాడుతున్నది ఇదే, మార్చాలని కూడా లేదు.

ఈ సదుపాయం ఓబీఎస్‌లోకి 2020లో, 26.0 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ప్లగిన్ విడిగా వెతికి వేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మెయిన్ విండోలోనే 'స్టార్ట్ వర్చువల్ కెమెరా' బటన్ ఉంటుంది. పైసా ఖర్చు లేదు.

వరస మాత్రం తప్పకూడదు. ముందు ఓబీఎస్ తెరిచి అందులో మన బొమ్మ వస్తోందో లేదో చూసుకోవాలి, తర్వాత వర్చువల్ కెమెరా స్టార్ట్ చేయాలి, ఆ తర్వాతే జూమ్. ఓబీఎస్ తెరిచి ఉంది కదా అని ఆ బటన్ నొక్కకుండా వదిలేస్తే, అవతలివాళ్లకు మన ముఖం బదులు ఓబీఎస్ లోగో దర్శనమిస్తుంది.

ఇంత చేసినా ఓబీఎస్‌లోనే బొమ్మ రాలేదంటే, ఇంకెవరో కెమెరాను పట్టుకుని కూర్చున్నారన్నమాట. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద కెమెరా పేజీ తెరిస్తే ఇప్పుడు వాడుతున్న యాప్ పేరు కింద 'కరెంట్లీ ఇన్ యూజ్' అని ఉంటుంది. ఊరికే రీస్టార్ట్ కొట్టేముందు ఆ పేజీ చూడండి. ఎక్కువసార్లు దొరికే దొంగలు వీళ్లే: మూయడం మర్చిపోయిన మీట్ ట్యాబ్, విండో మూసినా స్క్రీన్ మూలన గడియారం పక్కన బతికే ఉండే టీమ్స్, వెబ్‌క్యామ్ కంపెనీవాళ్లు ఇచ్చిన సొంత సాఫ్ట్‌వేర్. ఓబీఎస్ కూడా తక్కువదేం కాదు. కెమెరా లేని వేరే సీన్‌కి (ఓబీఎస్‌లో మనం పేర్చుకున్న ఇంకో తెర అమరికకి) మారినా కెమెరాను వదలదు, లైట్ వెలుగుతూనే ఉంటుంది. వదలాలంటే ఆ కెమెరా ప్రాపర్టీస్‌లో 'డీయాక్టివేట్ వెన్ నాట్ షోయింగ్' టిక్ పెట్టాలి.

ఇలాంటి కెమెరా గొడవలకు మందుగా, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే చోట) ఫ్రేమ్ సర్వర్‌ని ఆపేయమని చెప్పే వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. వాటి జోలికి పోకండి. 2016లో విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్ ఒక కెమెరాను ఎక్కువ యాప్‌లు పంచుకునేలా ఫ్రేమ్ సర్వర్ తెచ్చింది. ఆ క్రమంలో ఎంజేపెగ్ లాంటి కంప్రెస్డ్ ఫార్మాట్లు యాప్‌లకు అందక చాలా వెబ్‌క్యామ్‌లు ఫ్రీజ్ అయ్యాయి. ఆ చిట్కా అప్పటిది. తర్వాతి అప్‌డేట్లలో దాన్ని సరిచేశారు.

యాప్‌ల తగాదాలా కనిపించి, నిజానికి కానిది ఇంకొకటుంది. కాగితం మీద టేబుళ్లు గీసి చూపించడానికి రెండో కెమెరా పెట్టాను. ఎస్పీ రోడ్‌లో (బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు) కొన్న చవక యూఎస్‌బీ హబ్‌కి రెండూ తగిలిస్తే ఒకటే పనిచేసింది. ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది. 1080పీ బొమ్మను కంప్రెస్ చేయకుండా వైయూవై2 ఫార్మాట్‌లో సెకనుకు 30 ఫ్రేములు పంపితే 995 మెగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 కాగితం మీదైనా ఇచ్చేది 480 మాత్రమే. ఒక కెమెరాకే చాలదు, రెండింటికి ఎక్కడ చాలుతుంది? ఓబీఎస్‌లో ఆ కెమెరా ప్రాపర్టీస్ తెరిచి రిజల్యూషన్ టైప్‌ని 'కస్టమ్' చేసి, వీడియో ఫార్మాట్ ఎంజేపెగ్ పెట్టాలి. రెండో కెమెరాని హబ్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌కే ఇంకో పోర్టులో పెట్టాలి. నాకు ఈ రెండూ కలిపితేనే కుదిరింది. పనిలో పని, ట్యూబ్‌లైట్ కింద బొమ్మ మీద చారలు పరుగెడుతుంటే 'కాన్ఫిగర్ వీడియో'లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ చేయండి. మన కరెంటు 50, కొన్ని కెమెరాలు 60తో వస్తాయి.

విండోస్ 11 కొత్త వెర్షన్లలో కెమెరా అడ్వాన్స్‌డ్ ఆప్షన్ల కింద, ఒకేసారి ఎక్కువ యాప్‌లు వాడుకోనిచ్చే స్విచ్ వచ్చింది. వట్టి ముఖం రెండు కాల్స్‌లో కనబడితే చాలనుకునేవాళ్లకు అది బాగానే ఉంది. నాకు స్క్రీన్ మీద క్వెరీ (ఎస్‌క్యూఎల్‌లో రాసే ప్రశ్న), మూలన ముఖం, కింద పాఠం పేరు, అన్నీ కలిసి వెళ్లాలి. ఆ కూర్పు ఓబీఎస్ నుంచే రావాలి, కాబట్టి ఆ స్విచ్ నాకు అక్కరకు రాదు.

లోపాలూ ఉన్నాయి. జూమ్ మన బొమ్మను మనకు అద్దంలో లాగా తిప్పి చూపిస్తుంది, కోడ్ అక్షరాలు తిరగబడి కనిపించి కంగారు పుడుతుంది. విద్యార్థులకు సరిగ్గానే కనిపిస్తాయి. 'మిర్రర్ మై వీడియో' తీసేస్తే మనకూ సరిగ్గా వస్తాయి. విండోస్ సొంత కెమెరా యాప్‌లో నాకు ఈ వర్చువల్ కెమెరా కనిపించదు. అక్కడ లేదని ఇన్‌స్టాలేషన్ పాడైందనుకోవద్దు.

అసలు చిరాకు శబ్దంతో. వర్చువల్ కెమెరా బొమ్మనే మోస్తుంది, మాటను కాదు. మైక్‌ని జూమ్‌లో విడిగా ఎంచుకోవాలి. బొమ్మ ఓబీఎస్ గుండా తిరిగి వస్తుంది, మాట నేరుగా వెళ్తుంది, అందుకని పెదాలు మాట కంటే కాస్త వెనకబడతాయి. కచ్చితంగా కలవాలంటే వర్చువల్ ఆడియో కేబుల్ (ఒక యాప్ శబ్దాన్ని ఇంకో యాప్‌కి మైక్‌లా అందించే సాఫ్ట్‌వేర్) ఒకటి వేసి, మాటను కాస్త ఆలస్యం చేసి పంపొచ్చు. నేను చేయలేదు. నా క్లాసులో అందరి కళ్లూ క్వెరీ మీదే ఉంటాయి. పాటలు నేర్పేవాళ్లయితే మాత్రం ఆ కేబుల్ వేసుకోక తప్పదు.