పాత క్యాసెట్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దాచిస్తామంటే నమ్మకండి: కడప వాసులకు హెచ్చరిక

కడప ఏడు రోడ్ల కూడలి ప్రాంతంలోని ఒక దుకాణానికి మా పెదనాన్నగారి చెక్కభజన బృందం క్యాసెట్లు ఇచ్చాం. పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆన్‌లైన్‌లో జీవితాంతం ఉచితంగా ఉండేలా చేస్తామని ముందే డబ్బు తీసుకున్నారు. చివరికి చేతిలో పెట్టింది ఒక పెన్‌డ్రైవ్. అందులో క్యాసెట్ ఒక్కో వైపుకు ఒక్కో వేవ్ ఫైలు, అంటే ధ్వనిని కుదించకుండా దాచే పెద్ద ఫైలు. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మధ్యలో పెదనాన్నగారు పాట ఆపి, "చెక్కలు ఒక్కసారిగా పడాలి" అని కుర్రవాళ్లను మందలించే మాటలు కూడా అరగంట ఫైలులో ఎక్కడో కలిసిపోయాయి.

గూగుల్‌వారి పాటల సేవ యూట్యూబ్ మ్యూజిక్‌లో లక్ష పాటల వరకు ఉచితంగా దాచుకోవచ్చన్నది నిజమే. కానీ అది ఎంపీ3, ఎం4ఏ, ఫ్లాక్, ఓజీఏ, డబ్ల్యూఎంఏ ఫైళ్లనే తీసుకుంటుంది, వేవ్‌ను తీసుకోదు. ఆ మాట అడిగితే దుకాణదారు మా ఎదుటే ఫైలు పేరు చివర 'వేవ్' చెరిపి 'ఎంపీ3' అని కొట్టి ఇచ్చేశారు! పేరు మారిస్తే ఫార్మాట్ మారుతుందా? ఆ ఫైళ్లూ ఎక్కలేదు.

గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోమన్నారు తర్వాత. అక్కడ ఉచితం 15 జీబీ, జీమెయిల్, ఫొటోలు అన్నీ అందులోనే. సీడీ నాణ్యత గల వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 ఎంబీ తింటుంది. గంట క్యాసెట్ అంటే 600 ఎంబీ. అలా ఆ చోటు త్వరగా నిండిపోతుంది.

ఇక జీవితాంతం అన్న మాట. గూగుల్‌వారి పాత పాటల సేవ గూగుల్ ప్లే మ్యూజిక్ 50,000 పాటలకు ఉచితంగా చోటిచ్చి, 2020లో మూతపడింది. గూగుల్ సంస్థే ఇవ్వలేని హామీ ఈ దుకాణం ఎలా ఇస్తుంది?

క్యాసెట్లు ఇచ్చే ముందే పాటకొక ఫైలు చొప్పున ఫ్లాక్‌లో కావాలని రసీదు మీద రాయించుకోండి. ధ్వని ఏమాత్రం తగ్గదు, పరిమాణం మాత్రం వేవ్‌లో దాదాపు సగానికి వస్తుంది. మీ ఖాతాలోకే ఎక్కించమనండి. యూట్యూబ్ మ్యూజిక్‌లో ఎక్కించిన పాట ఆ ఖాతా గలవారికి తప్ప ఇంకెవరికీ వినిపించదు.

మా డబ్బు వెనక్కి ఇవ్వనన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. ఇలాంటి చోట క్యాసెట్లు ఇచ్చినవారెవరైనా ఉంటే, డబ్బు సంగతి తర్వాత, ముందు అసలు క్యాసెట్లను ఇంటికి తెచ్చుకోండి.