ఎనిమిది ముక్కల మెదడు నమూనా: ఎర్ర పట్టీ చూపేదెంత, చూపలేనిదెంత

ఫిజియోథెరపీ, నర్సింగ్, అనాటమీ తరగతుల్లో బాగా వాడే నమూనా ఇది. పీవీసీతో చేసింది, అసలు మెదడంత సైజు. నడిమధ్యకు రెండు సగాలుగా విడిపోతుంది. ఒక్కో సగంలో నాలుగు ముక్కలు: ఫ్రంటల్ (ముందు), పరైటల్ (పై) భాగాలు కలిసి ఒకటి, టెంపొరల్ (పక్క), ఆక్సిపిటల్ (వెనక) భాగాలు కలిసి ఒకటి, మెదడు కాండంలో సగం, చిన్నమెదడులో సగం. పిన్నులో అయస్కాంతాలో వాటిని పట్టి ఉంచుతాయి. రంగులు వేసిన రకంలో కదలికలు నడిపే మోటార్ పట్టీకి ఒక రంగు, దాని వెనకున్న స్పర్శ పట్టీకి మరో రంగు ఉంటాయి. ఇక్కడ వాటిని ఎరుపు, నీలం అనుకుందాం.

గ్లాసు అందుకోవడం, సంతకం పెట్టడం లాంటివి మనం కావాలని చేసే కదలికలు. వాటిని మెదడు ఎలా సిద్ధం చేసి నడిపిస్తుందో చెప్పడానికి ఈ నమూనా ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష. ఏది ఎక్కడుందో చూపడంలో దీనికి మంచి మార్కులే వేయాలి. కానీ కదలిక ఒక చోట పుట్టేది కాదు. అది చాలా చోట్ల మధ్య తిరిగి తిరిగి తయారవుతుంది. ఆ తిరుగుడు చూపాలంటే నమూనాకు కొంత సామాను మనమే జోడించుకోవాలి.

కొనేముందు ఎర్ర పట్టీ సరైన మడత మీదే ఉందో లేదో చూడండి. అచ్చు నాసిరకమైతే రంగు ఒక మడత ముందుకో వెనక్కో జరిగిపోతుంది. సరిచూడటం తేలికే. ఒక సగాన్ని తిప్పి లోపలి ముఖం చూడండి. కార్పస్ కలోజం (రెండు సగాలను కలిపే పోగుల కట్ట) పైన దాదాపు సమాంతరంగా వెళ్లే గాడి సింగ్యులేట్ సల్కస్. దాన్ని వెనక్కి పట్టుకుపోతే ఒకచోట నిట్టనిలువుగా పైకి తిరిగి అంచును తాకుతుంది. దానికి కాస్త ముందు, పై అంచు మీద కనిపించే చిన్న నొక్కు సెంట్రల్ సల్కస్‌ది. ఎరుపు ఆ గాడికి ముందు, నీలం వెనక ఉండాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. పైనుంచి చూస్తే ఎర్ర మడత ఒకచోట వెనక్కి ఉబ్బి తిరగేసిన ఒమేగాలా కనబడాలి. అదే చేతి ప్రాంతం. అసలు మెదడు నుంచి తీసిన అచ్చులో ఈ ఉబ్బు ఉంటుంది. బొమ్మ చూసి చెక్కిన అచ్చులో మడతలన్నీ దువ్వినట్టు నున్నగా పోతాయి.

ఎరుపు పై అంచు దాటి లోపలి ముఖం మీదికి కూడా దిగాలి, ఎందుకంటే కాలు, పాదాల ప్రాంతం అక్కడే ఉంది. కొన్ని నమూనాల్లో రంగు అంచు దగ్గరే ఆగిపోతుంది. అలాంటిది పెట్టుకుని, ఆ లోపలి ముఖానికి రక్తం తెచ్చే యాంటీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ మూసుకుపోతే చేతికన్నా కాలే ఎక్కువగా ఎందుకు పడిపోతుందో చెప్పలేం. యాక్రిలిక్ రంగుతో నాలుగు నిమిషాల్లో దిద్దుకోవచ్చు, దిద్దుకోవాలి కూడా.

ఏ నమూనా అయినా చూపలేనిది మరొకటుంది. రంగు మడత ఉపరితలం మీదే వేస్తారు. మెదడు పై పొర అయిన కార్టెక్స్‌ను ప్రాంతాలుగా విభజించిన బ్రాడ్‌మన్ 1909లో 4 అని నంబరు ఇచ్చిన ప్రైమరీ మోటార్ కార్టెక్స్‌లో (ఎర్ర పట్టీ చూపేది దాన్నే) చాలా భాగం నిజానికి సెంట్రల్ సల్కస్ ముందు గోడ మీద, గాడి లోపల దాగి ఉంటుంది. కిందికి దిగేకొద్దీ బయటికి కనిపించే భాగం మరీ తగ్గిపోతుంది. గాడిలోకి పెన్సిల్ మొన పెట్టి చూపిస్తే విద్యార్థికి మరి సందేహం ఉండదు.

కొన్ని పెట్టెల్లో హోమన్‌క్యులస్ (పట్టీ మీద ఏ చోటు ఏ అవయవానిదో చూపే మనిషి బొమ్మ) స్టిక్కర్ కూడా ఇస్తారు. పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ 1937లో ఆపరేషన్ బల్ల మీద విద్యుత్ ప్రేరణతో గుర్తించిన పటం దానికి మూలం. పాదం, చెయ్యి, నోరు అనే స్థూల వరుసకు అది ఇప్పటికీ నిలుస్తుంది. కానీ ఆ ప్రాంతాల మధ్య మధ్య ఏ ఒక్క అవయవానికీ చెందకుండా, శరీరమంతటినీ కలిపి కదిలించే ప్రణాళికతో ముడిపడిన మచ్చలున్నాయని 2023లో ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనిచేసే తీరును చూపే స్కాన్) అధ్యయనం చూపింది. కాబట్టి స్టిక్కర్ అంటించకండి. పెన్సిల్‌తో మూడు వలయాలు గీసి, మధ్యలో ఖాళీలు వదిలితే చాలు.

ఈ నమూనాలో అసలు వెలితి ఎర్ర పట్టీకి ముందు మొదలవుతుంది. బ్రాడ్‌మన్ 6వ ప్రాంతాన్ని చాలా నమూనాల్లో మిగతా ఫ్రంటల్ భాగంతో కలిపి ఒకే రంగులో వదిలేస్తారు. బయటి ముఖం మీద ప్రీమోటార్, లోపలి ముఖం మీద సప్లిమెంటరీ మోటార్ ఏరియా, రెండూ అందులోనే ఉన్నాయి. కదలిక ప్రణాళిక గురించి చెబుతూ వీటిని విడిగా చూపకపోవడం చిన్న లోపం కాదు. రోలండ్ బృందం 1980లో చేసిన రక్తప్రసరణ ప్రయోగాల్లో, వేళ్లను ఒక క్రమంలో కదిలిస్తున్నట్టు మనసులో ఊహించుకున్నప్పుడు సప్లిమెంటరీ మోటార్ ఏరియాలో ప్రసరణ పెరిగింది, ప్రైమరీ మోటార్ కార్టెక్స్‌లో పెరగలేదు. నారింజ, పసుపు రంగులు తెచ్చి రెండింటినీ వేరు చేయండి.

ఇక దారులు. దీనికి పది ఊలు దారాలు కావాలి, ఒక్కోటి 40 సెంటీమీటర్లు. ఎర్ర పట్టీ మీద నాలుగు, దాని ముందు నారింజ, పసుపు మీద మూడు, వెనక నీలం మీద మూడు కొసలు అంటించండి. కార్టికోస్పైనల్ పోగుల్లో (కార్టెక్స్ నుంచి వెన్నుపాముకు దిగేవి) ప్రైమరీ మోటార్ కార్టెక్స్ నుంచి బయల్దేరేవి సుమారు మూడో వంతు నుంచి 40 శాతమే. ఆజ్ఞలన్నీ ఎర్ర పట్టీ నుంచే వెళ్తాయన్న అపోహ ఈ ఒక్క లెక్కతో పోతుంది. ఇప్పుడు టెంపొరల్ ముక్క తీసేసి, ఆ ఖాళీలోకి పది దారాలనూ దింపి చిన్న రబ్బరు బ్యాండుతో బిగించండి. ఆ బ్యాండే ఇంటర్నల్ క్యాప్సూల్ (కార్టెక్స్ పోగులు మెదడు లోపల గుమిగూడి దిగే ఇరుకు దారి) వెనక భుజం. ముఖానికి వెళ్లే పోగులూ ఆ దగ్గర్లోంచే దిగుతాయి. ఇంత ఇరుకులోకి అన్నీ చేరడం వల్లే అక్కడ సన్నని రక్తనాళం మూసుకుపోయినా ముఖం, చెయ్యి, కాలు ఒకేసారి పడిపోతాయి. అంతే గాయం పైన కార్టెక్స్ మీద పడితే ఒక్క చెయ్యో, ఒక్కోసారి కొన్ని వేళ్లో మాత్రమే దెబ్బతింటాయి.

అక్కడినుంచి మధ్యమెదడు ముందు వైపుగా దించి, దాని కింద పాన్స్ దగ్గర దారాలను రెండు మూడు పాయలుగా విడదీసి, కాండం చివరి భాగమైన మెడుల్లా ముందున్న పిరమిడ్ ఉబ్బు మీద మళ్లీ కలపండి. దాని కింది కొసన తొమ్మిదింటిని రెండో సగం వైపు దాటించి, ఒకదాన్ని ఇటే వదలండి. అసలు దాటేవి 85 నుంచి 90 శాతం. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. దాటే చోట దారం బిగుతుగా ఉంటే తర్వాత సగాలు విడదీసినప్పుడు టేపుతో పాటు రంగు పెచ్చులు కూడా ఊడి వస్తాయి. అందుకే 6 సెంటీమీటర్లు వదులుగా ఉంచండి. గట్టి జిగురు వద్దు, మాస్కింగ్ టేపు చాలు. అయస్కాంతాల మధ్య దారం పడితే ముక్కలు కూర్చోవు, అది కూడా చూసుకోండి.

మెదడు లోతులో ఉండి కదలికను వదలాలా ఆపాలా చూసే బేసల్ గాంగ్లియా విషయంలో ఈ రకం నమూనా నిరాశ పరుస్తుంది. కోత అటుగా వెళ్లదు గనుక దాని భాగాలైన కాడేట్, పుటమెన్, పాలిడం లోపలే మూసుకుపోయి ఉంటాయి. రబ్బరు బ్యాండు పక్కన మోడలింగ్ క్లేతో పుటమెన్, దాని లోపలి వైపు పాలిడం పెట్టుకోండి. కార్టెక్స్‌కు సంకేతాలు పంపే థాలమస్‌ను పాలిడం ఎప్పుడూ అణచి ఉంచుతుంది. కావలసిన కదలిక వచ్చినప్పుడు పుటమెన్, కాడేట్ పాలిడం నోరు నొక్కుతాయి, దాంతో థాలమస్‌కు పట్టు సడలుతుంది. మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రాలో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తే ఆ సడలింపు సరిగా జరగదు. పార్కిన్సన్స్ వ్యాధిలో కండరంలో బలం ఉన్నా కదలిక మొదలుపెట్టడం కష్టమయ్యేది అందుకే.

చిన్నమెదడు ముక్క మాత్రం చక్కగా ఉంటుంది, ఆకుల్లాంటి సన్న మడతలు స్పష్టంగా పడతాయి. దానికి వేరే రంగు దారం వాడండి: కుడి మోటార్ కార్టెక్స్ నుంచి కుడి పాన్స్, అక్కడ దాటి ఎడమ చిన్నమెదడు, దాని లోపలి డెంటేట్ కేంద్రకం నుంచి బయల్దేరి మధ్యమెదడులో మళ్లీ దాటి కుడి థాలమస్, అక్కడినుంచి తిరిగి కుడి కార్టెక్స్. ఆ కార్టెక్స్ నడిపేది ఎడమ చేతిని. చిన్నమెదడు ఎడమ సగం దెబ్బతింటే ఎడమ చెయ్యే ఎందుకు గురి తప్పుతుందో దారం పట్టుకుని చెప్పవచ్చు. పుస్తకంలో పది సార్లు చదివినా పట్టుబడని సంగతి ఇక్కడ ఒక్కసారికే తెలిసిపోతుంది.

కాలాన్ని చూపడానికి నమూనా పక్కన 150 సెంటీమీటర్ల కాగితపు పట్టీ పరవండి. 1 సెంటీమీటరు అంటే 10 మిల్లీసెకన్లు. కోర్న్‌హూబర్, డీకె 1965లో వివరించిన సన్నాహక విద్యుత్ సంకేతం కదలికకు సుమారు సెకను నుంచి సెకనున్నర ముందు మొదలవుతుంది, అంటే దాదాపు పట్టీ పొడవంతా. ఆ సంకేతం మొత్తం ప్రణాళికేనా, లేక మెదడులోని యాదృచ్ఛిక హెచ్చుతగ్గుల సగటు కూడా అందులో ఉందా అన్న చర్చ 2012 తర్వాత గట్టిగా నడుస్తోంది, కాబట్టి దాన్ని పెన్సిల్‌తోనే గీయండి. మోటార్ కార్టెక్స్‌కు అయస్కాంత ప్రేరణ ఇస్తే చేతి కండరం స్పందించడానికి పట్టేది దాదాపు 20 మిల్లీసెకన్లు, పట్టీ మీద 2 సెంటీమీటర్లు. దాన్ని సిరాతో గీయవచ్చు.

నమూనాను తడిగుడ్డ, తేలికపాటి సబ్బుతో తుడవండి. అసిటోన్ లాంటి ద్రావకాలు తగిలితే రంగు కరిగిపోతుంది. పిన్నులున్న రకంలో మెదడు కాండం పిన్నే ముందుగా విరుగుతుంది, ఎందుకంటే నమూనాను పైకెత్తేటప్పుడు చెయ్యి అక్కడే పడుతుంది. రెండు అరచేతులూ టెంపొరల్ ముక్కల కింద పెట్టి ఎత్తండి. అయస్కాంతాల రకం దొరికితే అదే తీసుకోండి.