కూలిన్ కొండల్లో గదికి పెట్టింది దండగ, గైడ్‌కి పెట్టింది కాదు

స్కాట్లాండ్‌లోని స్కై దీవికి కూలిన్ కొండలెక్కడానికే వెళ్తుంటే దీవిలోని పట్టణం పోర్ట్రీలో గది తీసుకోకండి. కొండల కిందే ఉన్న గ్లెన్ బ్రిటిల్‌లోనే దిగండి.

నాకూ మా బావకీ పోర్ట్రీ గెస్ట్‌హౌస్‌లో రాత్రికి 145 పౌండ్లు పడింది. ‘కొండలెక్కేవాళ్ళకి అన్ని సదుపాయాలూ ఉన్నాయి’ అని రాసుకున్నారు. తీరా వెళ్తే, వానకి ముద్దయిన బూట్లు గుమ్మం దాటనివ్వలేదు. ఆరబెట్టుకునే చోటేదని అడిగితే ఓనరమ్మ బయట ఒక రేకు ట్రే చూపించింది. హీటర్ ఏడింటికి వేస్తే తొమ్మిదికల్లా ఆఫ్! టిఫిన్ ఎనిమిదిన్నరకి గానీ పెట్టరట. గైడేమో ఎనిమిదింటికల్లా గ్లెన్ బ్రిటిల్‌లో ఉండమన్నాడు. పోనీ రెండు బ్రెడ్డు ముక్కలు కట్టివ్వమంటే, తలకి 9 పౌండ్లు ఎక్స్‌ట్రా అంది. తినని టిఫిన్‌కి పైసా తగ్గించలేదు. బావ తడి బూట్లలోనే కాళ్ళు దూర్చి, దారంతా నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

గ్లాస్గో నుంచి ఐదు గంటల డ్రైవ్ హాయిగా సాగింది. దీవికి వెళ్ళే వంతెన మీద 2004 చివర్లోనే టోల్ ఎత్తేశారు.

గైడ్‌కి ఇద్దరికీ కలిపి 330 పౌండ్లు. ఎక్కువే, కానీ బేరమాడకండి. ఈ రాళ్ళలోని అయస్కాంత గుణం వల్ల దిక్సూచి తప్పు చూపిస్తుంది. పొగమంచు కమ్మితే దారి తెలిసిన మనిషే దిక్కు. ఇక్కడి గాబ్రో రాయి కొత్తగా గంట్లు పెట్టిన సన్నికల్లులా గరుకు. తడిసినా బూటు జారదు, వేళ్ళ చర్మం మాత్రం లేచిపోతుంది. మధ్యమధ్య బసాల్ట్ అనే ఇంకో రాయి వస్తుంది. తడిస్తే అది నున్నగా జారుతుంది. ఎక్కడ ఏది ఉందో గైడ్ ముందే చెప్పేవాడు.

మేమెక్కింది ఇన్ఆక్సెసిబుల్ పినకిల్ అనే 986 మీటర్ల రాతి శిఖరం. దాని మీదికి మొదట 1880లో పిల్కింగ్టన్ సోదరులు ఎక్కారు. స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు దాటిన కొండల్ని మన్రోలంటారు. వాటిలో రాక్ క్లైంబింగ్ చేయక తప్పనిది ఇదొక్కటే. తూర్పు అంచు పట్టుకుని ఎక్కాలి. పట్టు బాగానే దొరుకుతుంది, భయమల్లా రెండువైపులా కనిపించే లోయల వల్లే. సగంలో బావ చెరోవైపు కాలేసి కూర్చుండిపోయి, "ఒరేయ్, మీ అక్కకి మాత్రం చెప్పకు" అన్నాడు. పొద్దున్నుంచి నాతో అన్న మొదటి మాట అదే. గైడ్ తొందరపెట్టలేదు. తాడు బిగించి పట్టుకుని, పక్క పట్టు ఎక్కడుందో వేలితో చూపించాడు. అవతలివైపు తాడు మీద దిగేశాక బావే "మళ్ళీ ఎక్కుదామా" అన్నాడు.

ఆ రాత్రికి గెస్ట్‌హౌస్‌లో కట్టిన డబ్బు అడిగితే తిరిగి ఇచ్చేది లేదన్నారు. పోతే పోయిందని గ్లెన్ బ్రిటిల్ బంక్‌హౌస్‌కి, అంటే మంచాలు పంచుకునే చవక బసకి, మారాం. తలకి 32 పౌండ్లు, పైగా వెచ్చటి డ్రైయింగ్ రూమ్! వంటగదిలో పప్పన్నం వండుకున్నాం. బూట్లు తెల్లారేసరికి పూర్తిగా ఆరిపోయాయి.

తాడు అక్కర్లేని కొండ కావాలంటే స్లిగాచన్ అనే చోటు నుంచి 958 మీటర్ల బ్రూవఖ్ నా ఫ్రీ ఎక్కండి, అదీ ఆకాశం తేటగా ఉన్న రోజే. మే మొదట్లో వెళ్తే మేలు. వేసవి ముదిరితే మిడ్జెస్ అనే చిన్న పురుగులు నిలబడనివ్వవు.