రియో గ్రాండే గండిలో ఆర్‌వీ: రాత్రి పైనా, కిందా?

న్యూ మెక్సికోలో టావోస్ చుట్టుపక్కల రియో గ్రాండే నది నల్లరాతి పీఠభూమిని నిలువునా కోసుకుంటూ పోతుంది. ఆ గండి దగ్గర ఆర్‌వీ (లోపలే పడకలూ వంటిల్లూ ఉండే బండి) ఆపుకుని ఉండటానికి ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి వైల్డ్ రివర్స్, గండి అంచు మీద. రెండోది ఒరియా వెర్డే, గండి అడుగున, నీటి పక్కనే. రెండింటినీ చూసేది అమెరికా ప్రభుత్వ భూముల్ని చూసుకునే సంస్థ, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్. రెండు చోట్లా ఉండి వచ్చాం కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను: ఇంట్లో పెద్దవాళ్ళూ పిల్లలూ ఉంటే రాత్రులు కింద ఉండండి, పైకి పగటిపూట వెళ్ళి రండి. ఎందుకో వివరంగా రాస్తాను.

తెనాలి నుంచి అత్తయ్య, మామయ్య వచ్చి ఉన్నారు, పిల్లలకు సెలవులు. జూన్ మొదట్లో డెన్వర్‌లో 25 అడుగుల క్లాస్ సీ (మధ్యరకం సైజు) ఆర్‌వీ అద్దెకు తీసుకుని బయల్దేరాం. ఐ-25 మీద వాల్సన్‌బర్గ్ దాకా వెళ్ళి, అక్కడ పడమటికి తిరిగి లా వీటా కనుమ ఎక్కాలి. కనుమ ఎత్తు 9,400 అడుగుల పైచిలుకు. ట్యాంకు నిండా నీళ్ళున్న బండి కాబట్టి మా ఆయన కుడి లేన్ వదలకుండా నిదానంగా ఎక్కించారు. ఆ తర్వాత ఫోర్ట్ గార్లాండ్, శాన్ లూయిస్ మీదుగా దక్షిణానికి తిన్నటి రోడ్డు. న్యూ మెక్సికోలోకి వచ్చాక క్వెస్టా ఊరికి కాస్త ముందే వైల్డ్ రివర్స్ మలుపు వస్తుంది. అయినా ముందు క్వెస్టా దాకా వెళ్ళి పెట్రోలు పోయించుకుని వెనక్కి రావడం మేలు. లోపల ఏమీ దొరకదు.

వైల్డ్ రివర్స్‌లో చూడవలసింది లా హుంటా పాయింట్. రియో గ్రాండే, రెడ్ రివర్ కలిసే చోటు అది. అంచు నుంచి నీళ్ళకు 800 అడుగుల లోతు. గండికోటలో పెన్నా లోయ చూసినవాళ్ళకు ఈ దృశ్యం కొత్తేమీ కాదనిపిస్తుంది కానీ, రాయి వేరు. అక్కడ ఎర్రటి రాతి పలకలు, ఇక్కడ లావా గడ్డకట్టిన నల్లటి బసాల్టు పొరలు. బండి ఆపిన చోటి నుంచి నాలుగడుగులు వేస్తే చాలు, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య కూడా హాయిగా వచ్చారు. మామయ్య కటకటాలు పట్టుకుని చాలాసేపు నిలబడి, "అమ్మాయ్, రెండు నదుల చప్పుడూ వేరువేరుగా వినబడుతోంది, విన్నావా?" అన్నారు. నిజమే, ఎడమ చెవికి ఒక హోరు, కుడి చెవికి ఇంకొకటి. 1968లో అమెరికా ప్రభుత్వం ఆనకట్టలు కట్టకుండా కాపాడాలని చట్టం చేసి ఎంచుకున్న మొదటి ఎనిమిది నదుల్లో ఈ రియో గ్రాండే భాగం ఒకటి. కృష్ణ మీద ఆనకట్టలు చూస్తూ పెరిగిన మామయ్యకు ఈ సంగతి చెబితే ఎంతో ఆసక్తిగా విన్నారు.

కిందికి దిగే కాలిబాటలు ఉన్నాయి. లా హుంటా బాట ఒక మైలుకు కాస్త ఎక్కువే అయినా అదంతా దిగుడే, మధ్యలో మెట్లూ నిచ్చెనా కూడా ఉన్నాయి. బిగ్ ఆర్సెనిక్ బాట కొంచెం నయం. పిల్లలూ మా ఆయనా దానిలో దిగి వచ్చారు. దిగడానికి పట్టిన టైముకి రెట్టింపు ఎక్కడానికి పట్టిందన్నారు. నీళ్ళ సీసాలు మనిషికి రెండు తప్పనిసరి.

ఇక రాత్రి. ఇక్కడి క్యాంప్‌గ్రౌండ్లలో కరెంటు హుక్‌అప్ (బండికి బయటి నుంచి కరెంటు తగిలించుకునే ఏర్పాటు) లేదు. స్థలం మాత్రం చక్కగా ఉంటుంది. చెట్ల మధ్య ఒక్కో సైటూ దూరదూరంగా, బల్ల, పొయ్యి రింగు, శుభ్రమైన మరుగుదొడ్డి. చుక్కల గురించి ఎంత రాసినా తక్కువే. కానీ 7,500 అడుగుల ఎత్తున జూన్‌లో కూడా తెల్లవారుజామున చలి కొరుకుతుంది. ఆర్‌వీలో హీటరు ప్రొపేన్‌తో మండినా, దాని ఫ్యాను తిరగడానికి లోపలి బ్యాటరీ కావాలి. మాకిచ్చిన బండిలో ఆ బ్యాటరీ పాతది. అర్ధరాత్రి దాటాక ఫ్యాను ఆగింది, దాంతో హీటరూ ఆగింది. జనరేటరు వేద్దామంటే నిశ్శబ్దం పాటించవలసిన వేళ. అత్తయ్యకు మూడు దుప్పట్లు కప్పి తెల్లవార్లూ గడిపాం. అద్దె కంపెనీవాళ్ళు బండి అప్పగించేటప్పుడు ప్యానెల్ మీద లైట్లు చూపించి అంతా బాగుందంటారు. అది ఛార్జర్‌కి తగిలించి ఉన్నప్పటి రీడింగు. ప్లగ్గు పీకేయించి, అరగంట ఫ్యాను తిప్పించి, అప్పుడు చూడండి. మొహమాటపడవద్దు. ఇంత డబ్బు తీసుకుని పెద్దవాళ్ళున్న కుటుంబానికి అలాంటి బ్యాటరీ ఇవ్వడం నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

వంట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల చుట్టుపక్కలే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది, అన్నం బిరుసుగా వస్తుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ ఉండి తీరాలి. పోపు మాత్రం బండి లోపల పెట్టకండి, పొగ అలారం ఊరుకోదు. బయట బల్ల మీద క్యాంప్ స్టవ్ పెట్టి అత్తయ్య చింతకాయ పచ్చడికి ఇంగువ పోపు వేస్తే, పక్క సైటులో ఉన్న పెద్దాయన కుక్కని పట్టుకుని అదేమిటో కనుక్కోవడానికి వచ్చారు.

మధ్యలో టావోస్. యునెస్కో 1992లో గుర్తించిన టావోస్ పుయెబ్లో, అమెరికా ఆదివాసుల ఊరు, మట్టి ఇటుకల అంతస్తుల ఇళ్ళు, తప్పక చూడాలి. అక్కడ ఇప్పటికీ జనం కాపురముంటున్నారు, అడగకుండా మనుషుల ఫొటోలు తీయకూడదు. పండుగలప్పుడు బయటివాళ్ళను రానివ్వని రోజులుంటాయి, ముందే చూసుకోండి. టావోస్ ఊళ్ళోనే, హనుమంతుడి భక్తుడైన ఉత్తర భారత సాధువు నీమ్ కరోలీ బాబా పేరు మీద ఆశ్రమం ఉంది. జైపూర్‌లో చెక్కించి తెచ్చిన పాలరాతి హనుమంతుడు గాలిలో ఎగురుతున్న భంగిమలో ఉంటాడు. అమెరికన్ భక్తులు హార్మోనియం పెట్టుకుని చాలీసా పాడుతుంటే అత్తయ్య కళ్ళు తుడుచుకున్నారు. ప్రసాదం భోజనం పెట్టారు, టీ ఇచ్చారు.

హైవే 64 మీద ఉన్న గోర్జ్ బ్రిడ్జి 1965లో కట్టింది, నది మీద సుమారు 600 అడుగుల ఎత్తున ఉంటుంది. లారీ వెళితే కాళ్ళ కింద అదురు తెలుస్తుంది. వంతెన మీద నడకకు ఆంక్షలు పెడుతుంటారు కాబట్టి దాన్నే నమ్ముకుని వెళ్ళకండి. పడమటి ఒడ్డున రెస్ట్ ఏరియా నుంచి మొదలయ్యే వెస్ట్ రిమ్ బాట బాగా చదునుగా ఉంటుంది. అదృష్టముంటే మెలితిరిగిన కొమ్ముల కొండగొర్రెలు అంచు మీదే మేస్తూ కనిపిస్తాయి. మాకు కనిపించాయి.

ఒరియా వెర్డేకి దారి పిలార్ ఊరి దగ్గర. టావోస్ నుంచి హైవే 68 మీద దక్షిణంగా దిగాలి. మలుపులోనే విజిటర్ సెంటర్ ఉంది, మ్యాపు తీసుకుని, ఏ సైట్లు ఖాళీగా ఉన్నాయో అడిగి వెళ్ళండి. అక్కడి నుంచి నది వెంబడి సన్నటి తారురోడ్డు. కుడి పక్క నల్లటి గోడ, ఎడమ పక్క నీళ్ళు. పిలార్, రియో బ్రావో క్యాంప్‌గ్రౌండ్లలో ఆర్‌వీలకు నీళ్ళూ కరెంటూ ఉన్న సైట్లున్నాయి. అవి కొన్నే, శుక్రవారం మధ్యాహ్నానికే నిండిపోతాయి. వారం మధ్యలో చేరాం కాబట్టి నదికి ఎదురుగా ఉన్నది దొరికింది.

సైటు మీద ఒక గోడలేని పందిరి, దాని కింద బల్ల. పది గజాల్లో నది. మంచు కరిగి వచ్చే నీళ్ళు టీ రంగులో, ఒడ్డున విల్లో కొమ్మల్ని వంచుకుంటూ పోతున్నాయి. పొద్దున లేవగానే మామయ్య కుర్చీ తెచ్చుకుని అక్కడ కూర్చుంటే టిఫిన్‌కి పిలిచినా కదలలేదు. పైన అంచు మీద నదిని చూశాం. ఇక్కడ దానితో కలిసి ఉన్నాం: గిన్నెలు తోముతున్నా, పిల్లలు పేకాడుకుంటున్నా, అర్ధరాత్రి మెలకువ వచ్చినా ఆ చప్పుడు పక్కనే ఉంది. కరెంటు ఉంది కాబట్టి చలి బాధ లేదు, ఎత్తు కూడా 6,000 అడుగుల చిల్లరే కాబట్టి ఆయాసం లేదు. లోపం చెప్పాలంటే ఫోను సిగ్నల్ దాదాపు లేదు. ఒడ్డున పాయిజన్ ఐవీ కూడా ఉంటుంది. మూడేసి ఆకుల మొక్కను పిల్లలకు చూపించి, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి.

పడవల సంగతి. టావోస్ బాక్స్ అనే భాగం క్లాస్ 4 (1 నుంచి 6 దాకా ఉండే కొలతలో బాగా కష్టమైన) వడి నీళ్ళతో వయసులో ఉన్నవాళ్ళకే, అదీ సాహసం ఇష్టమున్నవాళ్ళకే. పిలార్ దిగువన ఉన్న రేస్‌కోర్స్ క్లాస్ 3, అర పూట ట్రిప్పు. మా పెద్దాడు, మా ఆయన వెళ్ళి తడిసి ముద్దై నవ్వుకుంటూ వచ్చారు. గైడు ముందుగా అరగంట తెడ్డు వేయించి, పడవలోంచి పడితే కాళ్ళు ముందుకు చాపి వెల్లకిలా తేలడం నేర్పించింది. అంత శ్రద్ధ చూశాక నాకు భయం పోయింది. చిన్నదానికీ అత్తమామలకూ ఒరియా వెర్డే లోపలి నెమ్మది నీళ్ళే సరైనవి. నీటి మట్టం చూసుకుని వెళ్ళాలి. నదుల ప్రవాహాన్ని కొలవడానికి యూఎస్ జియలాజికల్ సర్వే తన మొదటి కేంద్రం పెట్టింది ఇక్కడికి దిగువనున్న ఎంబుడోలోనే, 1889లో. ఈరోజు మనం ఫోనులో చూసే అంకెలకు మొదలు అదే.

ఖర్చు ప్రైవేటు ఆర్‌వీ పార్కులతో పోలిస్తే చాలా తక్కువ. సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు 62 దాటితే సీనియర్ పాస్‌తో క్యాంపింగ్ ఫీజు సాధారణంగా సగమే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు అది వర్తించదు. క్యాంప్ హోస్ట్, అంటే అక్కడే ఉండి క్యాంప్‌గ్రౌండ్‌ను చూసుకునే మనిషి, ఒక రిటైరైన ఆవిడ, ప్రతి సాయంత్రం వచ్చి పొయ్యిలో నిప్పు ఆరిందో లేదో చెయ్యి పెట్టి చూసేది. ఈ గండిని కలుపుకుని 2,42,500 ఎకరాలను 2013లో జాతీయ స్మారకంగా (ప్రభుత్వం కాపాడే ప్రాంతంగా) ప్రకటించారు. అంత భూమికి అలాంటి మనుషులు ఇంకా చాలామంది కావాలి.

ఒక హెచ్చరిక. గోర్జ్ బ్రిడ్జి నుంచి ఒరియా వెర్డేకి మ్యాపు పడమటి ఒడ్డు మీదుగా దగ్గర దారి చూపిస్తుంది. అది చివర్లో 567 నంబరు రోడ్డు మీద కంకర వంపులతో గండిలోకి దిగుతుంది. ఆర్‌వీతో అటు వెళ్ళకండి. టావోస్ మీదుగా చుట్టు తిరిగి 68 మీదే రండి. 68 మీద పిలార్ వైపు దిగుడు మొదట్లో రోడ్డు పక్కన ఆపుకునే చోటు ఉంది, మైదానం మధ్యలో గండి మొత్తం అక్కడి నుంచి కనిపిస్తుంది. జూలై వచ్చాక మధ్యాహ్నాలు ఉరుములు మొదలవుతాయి, అందుకని మే చివరి వారం నుంచి జూన్ మధ్య లోపల ప్రయాణం పెట్టుకుంటే నీళ్ళూ ఉంటాయి, ఎండా భరించగలం.