నల్లరేగడి డొంకలో మడ్ టెర్రెయిన్ టైర్లు: రెండు వానాకాలాల అనుభవం

తడిసిన నల్లరేగడి ఎలా పట్టుకుంటుందో తెలిసినవారికి అక్కడ హైవే టైర్లు ఎందుకు పనికిరావో చెప్పనక్కర్లేదు. సన్నని గాళ్లలో మట్టి కూరుకుపోయి, నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు నున్నగా మారి జారిపోతుంది. అందుకే నా ఇసుజు వి-క్రాస్ పికప్ బండికి 255/60 ఆర్18 స్థానంలో 265/60 ఆర్18 కొలత మడ్ టెర్రెయిన్ (బురద నేలకోసం పెద్ద గుబ్బలతో చేసిన) టైర్లు వేయించి, రెండు వానాకాలాలు నడిపాను. వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు పెరిగినందున స్పీడోమీటరు మునుపటికంటే ఒకటిన్నర శాతం తక్కువ చూపుతుంది. స్టీరింగు రెండువైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాకే డబ్బు కట్టాను.

బురదలో వీటి పనితనం చూడవలసిందే. గుబ్బల మధ్య బొటనవేలు పట్టేంత ఎడం ఉన్నందువల్ల, చక్రం కాస్త వేగంగా తిరగగానే మట్టి ముద్దలు ముద్దలుగా ఎగిరిపడి గాళ్లు మళ్లీ తేటపడతాయి. గాలిని 32 నుంచి 20 పీఎస్ఐకి తగ్గిస్తే టైరు నేలమీద పొడవుగా పరుచుకుని పట్టు ఇంకా పెరుగుతుంది. (తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి కనుక బండిలో చిన్న కంప్రెసరు ఉండి తీరాలి.) ఒకసారి తుమ్మమోడు టైరు పక్కభాగాన్ని గట్టిగా గీరినా, ఆ గీత పైపొర దాటలేదు.

తారురోడ్డు మీద మాత్రం అరవై దాటాక హోరు మాటలకు అడ్డొస్తుంది, తడిలో బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, డీజిలూ ఎక్కువే తాగుతుంది. నెలలో ఎక్కువ రోజులు హైవే మీదే తిరిగేవారికి తారుకూ మట్టికీ రెండింటికీ సరిపడే ఆల్ టెర్రెయిన్ టైర్లు చాలు. వానాకాలమంతా చేనుకు వెళ్లక తప్పనివారికే నేను వీటిని గట్టిగా సిఫారసు చేస్తాను. 8,000 కిలోమీటర్లకొకసారి ముందు చక్రాలను వెనక్కి, వెనకవాటిని ముందుకు మార్పించుకోవాలి. లేకపోతే గుబ్బలు ఎగుడుదిగుడుగా అరిగి హోరు మరింత పెరుగుతుంది.